నెత్తి మీది చెయ్యి

రండి, ఇట్ల మంట దగ్గరికి జరిగి కూర్చోండి. చాయ్ వేడిగానే ఉంది. ఇవాళ మీకో చేతి ముచ్చట చెప్పాలని ఉంది.

మన దిక్కు ఎవరైనా నెత్తి మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటే పెద్దవాళ్ళు చూస్తూ ఊరుకోరు. "చెయ్యి దియ్యి బిడ్డా, ఇంటికి మంచిది గాదు" అంటారు. అరిష్టమని వాళ్ళ భయం. ఆ మాట వింటూ పెరిగినదాన్ని కాబట్టి ఒక పొద్దు మా పెద్దమ్మను నేనూ అలాగే అన్నాను. ఆమె చౌటుప్పల్ దిక్కు చేనేత ఇంటి కోడలు. అరుగు మీద గోడకు ఆనుకుని, కుడి చెయ్యి నడినెత్తిన పెట్టుకుని కూర్చుంది. నేను చెయ్యి తియ్యమంటే తియ్యలేదు. "ఉండనియ్యి బిడ్డా. ఇట్ల వెట్టుకుంటెనే జర నిమ్మళమైతాంది. కిందికి దించితే మెడ కెల్లి బొటనవేలు దాంక గుంజుతది" అన్నది.

ఆ రోజు నాకు తెలియదు గానీ, ఆమె ఆ ఒక్క మాటలో తన జబ్బు గుట్టు చెప్పేసింది. మెడలో నరం మొదలు నొక్కుకుపోయిన మనిషికి చెయ్యి ఎత్తి తల మీద పెట్టుకుంటే ఆ నరం మీద లాగుడు తగ్గుతుంది. నొప్పి సర్దుకుంటుంది. డాక్టర్లు, ఫిజియోథెరపిస్టులు దీన్ని ఒక గుర్తుగా చూస్తారు, రోగి చేత చెయ్యి పెట్టించి మరీ అడుగుతారు. మనం అరిష్టమని తీయించేసే చెయ్యి, ఒంట్లో ఎక్కడ చిక్కు పడిందో చెబుతున్న చెయ్యి కావచ్చు.

మా ఇంట్లో ఆ చెయ్యి చెప్పింది ఎవరికీ వినపడలేదు. బొటనవేలు, చూపుడువేలు మొద్దుబారాయంటే వేళ్ళకే బామ్ రాశాం. రక్తం తక్కువైందన్నారొకరు, వాతమన్నారొకరు. పక్షవాతం మొదలేమోనని ఆమె లోలోపల వణికింది. దారప్పోగు రెండు వేళ్ళ నడుమ నిలవడం లేదు. స్టీలు గ్లాసు జారి పడుతోంది. ఇట్ల ఆరు నెలలు పోయినంక ఒక ఫిజియోథెరపిస్టు ఆమె వేళ్ళు చూసి, చెయ్యి చూసి, "అమ్మా, జర మెడ తిప్పు" అన్నాడు. అసలు వెతకాల్సిన చోటు అప్పుడు తెలిసింది.

మెడలో ఎముకలు ఏడు. అక్కడి నుంచి బయలుదేరే నరాల జతలు మాత్రం ఎనిమిది. మొదటి నరం మొదటి ఎముకకు పైనుంచి వస్తుంది, ఎనిమిదోది ఏడో ఎముకకు కింద నుంచి వస్తుంది, అందుకని ఒకటి ఎక్కువ. వెన్నుపాము నుంచి విడివడి, ఎముకల నడుమ ఉన్న చిన్న కంత గుండా బయటికొచ్చే ఆ మొదటి భాగాన్నే నరం వేరు అంటాం. చెట్టు వేరు లాంటిదే. కొమ్మ చివర ఆకు వాడితే రైతు ముందు మొదలు దగ్గర తవ్వి చూస్తాడు కదా!

ఏ వేరు ఎక్కడికి పోతుందో ఒకసారి మీ చెయ్యి చాపి చూసుకోండి. బొటనవేలు, చూపుడువేలు ఆరో నరానివి. మోచెయ్యి మడవడం, మణికట్టు పైకి లేపడం కూడా ఎక్కువగా దాని బలమే. నడిమి వేలు ఏడో నరానిది. నేల మీద చెయ్యి ఆనించి లేస్తామే, ఆ మోచెయ్యి చాపే బలం దానిది. చిటికెనవేలు, దాని పక్క వేలు ఎనిమిదోవి. బావి తాడు గట్టిగా పట్టుకునే పిడికిలి దాని చలువే. వేళ్ళను ఎడంగా విప్పే సన్న కండరాలకు ఛాతీ మొదట్లోని నరం కూడా తోడొస్తుంది. పొలం గట్లలా కచ్చితమైన హద్దులు కావివి, కొంచెం ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. అయినా ఏ వేలు తిమ్మిరెక్కుతోందో సరిగ్గా చెప్పగలిగితే, చూసేవాళ్ళకు సగం దారి తెలిసినట్టే. అందుకే డాక్టరు దగ్గరికి పోయినప్పుడు "చెయ్యంతా గుంజుతాంది" అని ఊరుకోవద్దు. ఏ వేలో చెప్పండి.

వయసులో ఉన్నవాళ్ళకు ఎముకల మధ్య మెత్త జారి నరాన్ని నొక్కుతుంది. పెద్దవాళ్ళకు ఎముక అంచులు పెరిగి కంత ఇరుకవుతుంది. తల వెనక్కి వాల్చి పక్కకు వంచితే అది ఇంకా ఇరుకవుతుంది. 1944లో స్పర్లింగ్, స్కోవిల్ అనే ఇద్దరు అమెరికా సర్జన్లు రాసిన పరీక్ష ఇదే. నొప్పి ఉన్న వైపు తల వంచి, పైనుంచి మెల్లగా నొక్కితే నొప్పి చేతిలోకి పాకుతుందేమో చూస్తారు. ఇది వాళ్ళు చెయ్యాల్సిన పరీక్ష, ఇంట్లో మనం చేసుకునేది కాదు. తాటిచెట్టు ఎక్కి, మెడ పైకెత్తి గెలలు చూసుకునే గీత కార్మికుడికి, రోజంతా తల ఎత్తి పైకప్పుకు సున్నం వేసే మనిషికి సాయంత్రానికి చెయ్యి ఎందుకు లాగుతుందో ఇప్పుడు మీకే తెలిసి ఉంటుంది.

మన ఉమ్మడి నల్లగొండ నేత ఊళ్ళలో పుట్టిన వాళ్ళకైతే ఈ సంగతి ఒక్క మాటలో అర్థమవుతుంది. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం వైపు చిటికి పనిలో పువ్వు మగ్గం మీద పుట్టదు. అంతకు ముందే, ఆసు అనే చట్రం మీద పోగులు పోసి, గుర్తులు పెట్టి, రబ్బరు పట్టీలతో బిగించి కట్టి, రంగులో ముంచినప్పుడే పుడుతుంది. అక్కడ పోగు ఒక్కటి తప్పితే, ఆ తప్పు ఎన్నో రోజుల తర్వాత మగ్గం మీద విరిగిన పువ్వై కనబడుతుంది. నేతన్న అప్పుడు బట్టను తిట్టడు, ఎక్కడ పోగు తప్పిందో వెనక్కి పోయి వెతుకుతాడు. మెడ ఆసు, చెయ్యి మగ్గం అనుకోండి. పువ్వు విరిగింది చేతిలో, పోగు చిక్కింది మెడలో.

ఆసు అంటే గుర్తొచ్చింది. ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం గారి కథ మీకు తెలిసే ఉంటుంది. ఒక్క చీరకు సరిపడా ఆసు పోయాలంటే చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. తల్లి లక్ష్మి గారు రోజూ ఆ పని చేసి భుజాలు, మోచేతులు పట్టేసి బాధపడుతుంటే చూడలేక ఆయన యంత్రం కోసం తంటాలు పడ్డారు. ఆరో తరగతితో బడి మానేసిన మనిషి. ఏళ్ళు పట్టింది. 1999లో యంత్రం పూర్తయింది, దానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రంతో గంటల తరబడి పట్టే పని గంటన్నర, రెండు గంటలకు దిగింది. ఆ తల్లి బాధ భుజానిది, మోచేతిది. నేను చెప్పే మెడ నరం జబ్బు వేరు. కానీ ఆ కథలో నాకు ముఖ్యంగా తోచేది ఒకటుంది. వేల సార్లు ఒకే తీరున తిరిగే చెయ్యికి ఏమవుతుందో ఇంట్లో ఒక కొడుకు కళ్ళు తెరిచి చూశాడు. అది చూసే కళ్ళు ప్రతి ఇంట్లో కావాలి.

ఇప్పుడు భయం సంగతి మాట్లాడుకుందాం. నరం నొక్కుకుందనగానే మనవాళ్ళు ఆపరేషన్ దాకా వెళ్ళిపోతారు. అమెరికాలో రాచెస్టర్ అనే ఊళ్ళో 1976 నుంచి 1990 దాకా ఈ జబ్బు వచ్చిన 561 మంది లెక్క తీశారు. ఆ పని చేసిన వాళ్ళలో ముందు నిలిచింది మన దేశపు న్యూరాలజిస్టు కె. రాధాకృష్ణన్. 1994లో అచ్చయింది. ఏటా లక్ష మందిలో దాదాపు 83 మందికి ఈ బాధ వచ్చింది, యాభై దాటిన తొలి ఏళ్ళలో ఎక్కువ. నాలుగో వంతు మందికి ఆపరేషన్ అయింది. చివరిసారి చూసినప్పుడు పదిమందిలో తొమ్మిది మంది బాధ లేకుండానో, కొద్దిపాటి బాధతోనో ఉన్నారు. మా పెద్దమ్మకు ఇది చెప్పిన రోజు ఆమె అన్నం సరిగ్గా తిన్నది.

స్వీడన్‌లో 81 మందిని మూడు పాళ్ళు చేసి ఒక పాలు వాళ్ళకు ఆపరేషన్, ఇంకో పాలు వాళ్ళకు ఫిజియోథెరపీ, మూడో పాలు వాళ్ళకు మెడ పట్టీ ఇచ్చి చూశారు. మొదటి నెలల్లో ఆపరేషన్ వాళ్ళకు నొప్పి తొందరగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి మూడు పాళ్ళ వాళ్ళూ ఇంచుమించు ఒక్క చోటికే వచ్చారు. నెదర్లాండ్స్‌లో 2009లో వచ్చిన ఇంకో పరిశోధనలో 205 మంది కొత్త రోగులు. మెడ పట్టీతో విశ్రాంతి తీసుకున్న వాళ్ళకూ, ఆరు వారాలు వ్యాయామం చేసిన వాళ్ళకూ, ఊరికే వేచి చూసిన వాళ్ళకంటే ముందుగా నొప్పి తగ్గింది. ఆరు నెలలకు అందరూ దగ్గర దగ్గరే. అంటే కాలం మన పక్షానే ఉంది. పట్టీ కొద్ది వారాలకే. నెలల తరబడి కట్టుకుంటే మెడ కండరాలు పని మరిచిపోతాయి.

మరి ఫిజియోథెరపీలో ఏం చేయిస్తారు? మొదటిది మెడ. వెల్లకిలా పడుకుని, గడ్డం కొంచెం లోపలికి లాక్కుంటూ "ఔను" అన్నట్టు సన్నగా తల ఊపడం. చూస్తే ఏమీ కాదనిపిస్తుంది, మెడ లోపలి సన్న కండరాలకు అదే పెద్ద పని. తర్వాత వీపు మీది రెక్క ఎముకలను వెనక్కి, కిందికి తెచ్చి నిలపడం. అవసరమైతే మెడను మెల్లగా సాగదీసే ట్రాక్షన్. ఇంకోటి నరాన్ని జార్చడం. లంగా బొందు నేఫాలో ఇరుక్కుంటే ఏం చేస్తాం? రెండు కొసలూ ఒకేసారి గుంజితే బిగుసుకుంటుంది. ఒక కొస గుంజుతూ రెండోది వదలాలి. ఇక్కడా అంతే. చెయ్యి పక్కకు చాపి మణికట్టు వెనక్కి వంచినప్పుడు, తలను అదే చేతి వైపు వంచుతారు. నరం తెగలాగబడకుండా కంతలో కొద్దిగా కదులుతుంది. నేర్పేవాళ్ళ ముందు నేర్చుకోవాల్సిన పని ఇది. తిమ్మిరి పెరిగితే అక్కడే ఆపాలి.

మంచి జరుగుతోందనడానికి ఒక గుర్తు చెబుతాను, మనసులో పెట్టుకోండి. నొప్పి వేళ్ళను వదిలి మోచేతికి, మోచేతిని వదిలి భుజానికి, చివరికి మెడ దగ్గరికి వెనక్కి తగ్గాలి. మెడ దగ్గర కొంచెం ఎక్కువైనా సరే, చెయ్యి ఖాళీ అవుతుంటే దారి సరైనదే. వరద నీళ్ళు ఊళ్ళోంచి వాగులోకి తగ్గినట్టు. అదే నొప్పి కిందికి పాకుతూ పోతుంటే చేసే పని ఆపి మళ్ళీ చూపించుకోవాలి.

చాలా చోట్ల వైద్యం ఇక్కడితో ఆగిపోతుంది. నొప్పి తగ్గింది కదా అని ఇంటికి పంపుతారు, మనమూ సంతోషంగా వచ్చేస్తాం. ఇంటికొచ్చాక జాకెట్టు హుక్కు పెట్టుకోవడం రాదు. సూదిలో దారం ఎక్కదు. పప్పులో రాయి వేళ్ళకు తెలియదు. నొప్పి పోయింది గానీ చెయ్యి ఇంకా రాలేదు. నా మనసులో ఉన్న మాట ఇదే. మెడకు వైద్యం చేసి చేతిని మరిచిపోవద్దు. ఆరు నెలలు పని మానుకున్న చెయ్యికి పని మళ్ళీ నేర్పాలి, పసిపిల్ల చేతికి నేర్పినట్టే.

పట్టు ఎంత ఉందో కొలవడానికి పెద్దాసుపత్రుల్లో ప్రత్యేకమైన పరికరం ఉంటుంది. అది లేని చోట బీపీ పట్టీని మడిచి చుట్టి, కొంచెం గాలి నింపి, పిడికిట పట్టి నొక్కమంటారు. ముల్లు ఎంత లేచిందో రాసుకుంటారు. వారం వారం ఆ అంకె పెరుగుతుంటే మనిషికి ధైర్యం వస్తుంది. మా పెద్దమ్మకు అక్షరాలు రావు, ఆ ముల్లు లేచేది మాత్రం కళ్ళారా చూసి మురిసిపోయేది.

ఇక పని. దీనికోసం ఏ వస్తువూ కొనక్కర్లేదు. పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ దిక్కు ఇంట్లో జొన్నరొట్టె ఉంటుంది. పిండి పిసకడం పిడికిలికి, రొట్టె తట్టడం అరచేతికీ మణికట్టుకూ. దీపానికి వత్తులు చేయడం బొటనవేలు, చూపుడువేలి పట్టుకు. చింతగింజలు ఒక్కొక్కటే తీసి గుంటల్లో వేసే ఓమనగుంటలు వేళ్ళ నేర్పుకు. పిల్లలతో ఆడితే ఇల్లూ సందడిగా ఉంటుంది. బతుకమ్మకు తంగేడు, గునుగు పేర్చే వేళ్ళు ఎంత సన్నని లెక్కతో కదులుతాయో గమనించారా? గిన్నెడు జొన్నల్లో రూపాయి బిళ్ళ, గుండీ, వేరుశనగ కాయ దాచి, కళ్ళు మూసుకుని వేళ్ళతోనే వెతికి ఏదేదో చెప్పమనండి. మొద్దుబారిన వేళ్ళకు స్పర్శ మళ్ళీ నేర్పే పాఠం అది. అయిదు నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు. ఒకేసారి గంట చేసి అలసిపోయే దానికంటే ఇదే మేలు.

ఒక్క జాగ్రత్త మాత్రం మరవకండి. తిమ్మిరున్న వేళ్ళకు వేడి తెలియదు. పెనం మీది రొట్టె తిప్పే పని కొన్నాళ్ళు ఇంకొకరికి ఇవ్వండి, లేదా పట్టకారు వాడండి. మా ఇంట్లో వేలు కాలి బొబ్బ లేచాకే ఈ సంగతి తెలిసింది.

తొందర కూడా పడకండి. ఒత్తిడికి నరం మూగబోయి ఉంటే వారాల్లోనే తేరుకుంటుంది. లోపలి పోగే తెగి ఉంటే, అది తిరిగి పెరిగేది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. మెడ నుంచి వేలి కొస దాకా ఎంత దూరమో కొలుచుకుంటే, ఓపిక ఎందుకు కావాలో తెలుస్తుంది.

పాలమూరు నుంచి ముంబయి, పుణె పనులకు పోయే వాళ్ళను తలుచుకుంటే నాకు మనసు నిలవదు. నెత్తిన బరువు, మెడ మీద ఇసుక తట్ట. ఒక్క రోజు కూలి పోతే ఇల్లు గడవదు, పదిసార్లు ఆసుపత్రికి ఎట్ల తిరుగుతారు? మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ వచ్చింది. దూరం తగ్గింది. కానీ అక్కడ రెండు, మూడుసార్లు నేర్చుకున్నది ఇంట్లో, పనిచోట సాగితేనే ఫలం. అందుకే ఇంటి పనిలోనే వ్యాయామాన్ని కలపమని ఇంతగా చెబుతున్నాను.

నల్లగొండ వాళ్ళకు ఇంకో మాట విడిగా చెప్పాలి. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు తరాల తరబడి ఫ్లోరైడ్ నీళ్ళు తాగారు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్ అక్కడి బావుల్లో ఎన్నో రెట్లు ఉండేది. అది ఎముకను మందం చేస్తుంది, కీళ్ళను పట్టి ఉంచే పట్టీలను ఎముకగా మారుస్తుంది, నరాలు బయటికొచ్చే కంతలనూ, వెన్నుపాము దారినీ ఇరుకు చేస్తుంది. హైదరాబాద్ నిమ్స్‌లో పనిచేసిన న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి గారు ఈ బాధితుల నరాల జబ్బుల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. ఇప్పుడు మిషన్ భగీరథ కింద నది నీళ్ళు వస్తున్నాయి, పిల్లల ఎముకలకు ఆ గండం తప్పుతోంది. కానీ ఆనాటి నీళ్ళు తాగి పెరిగిన పెద్దల మెడల్లో ఆ ఎముక అలాగే ఉంది.

అందుకని ఈ గుర్తులు ఉంటే వ్యాయామాలు మొదలుపెట్టకుండా ముందు న్యూరాలజిస్టుకో, న్యూరోసర్జన్‌కో చూపించండి. రెండు చేతులూ ఒకేసారి పట్టు తప్పుతుంటే. నడుస్తుంటే కాళ్ళు బిర్రబిగుసుకుంటే, తూలిపోతుంటే. మూత్రం మీద అదుపు తప్పుతుంటే. చెయ్యి బలం రోజురోజుకూ పడిపోతుంటే. పిడికిలి గబగబా మూసి తెరవమంటే పది సెకన్లలో ఇరవై సార్లు కూడా చెయ్యలేకపోతే, అదీ ఒక గుర్తే. ఇవి ఒక్క వేరువి కాకపోవచ్చు, వెన్నుపాము నొక్కుకుంటున్న గుర్తులు కావచ్చు. అక్కడ ఆలస్యం చెయ్యకూడదు.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. క్షవరం అయ్యాక మెడ టక్కుమనిపించే అలవాటు ఎవరికైనా ఉంటే, దయచేసి మానండి. ఆ చప్పుడుకు హాయిగా అనిపిస్తుంది, నిజమే. కానీ మెడలోంచి మెదడుకు రక్తం పోయే నాళాలు, ఇరుకు కంతల్లోంచి నరాలు పోతున్నాయి. చేసే మనిషి చేతికి లోపలి సంగతి తెలియదు.

మా పెద్దమ్మ మళ్ళీ ఆసు ముందు కూర్చోలేదు. వయసూ అయింది, ఇంట్లోకి ఆసు యంత్రమూ వచ్చింది. కానీ మొన్న బతుకమ్మకు గునుగు పూలు ఆమే పేర్చింది. వరుస ఎక్కడా తప్పలేదు. చివరన తంగేడు కొమ్మ ఒకటి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పట్టుకుని, నాకు చూపించి, మెల్లగా గుచ్చింది. జారలేదు.

చాయ్ చల్లారినట్టుంది, ఇంకో గ్లాసు పోస్తాను. వెళ్ళేముందు ఒక్కటి మాట ఇవ్వండి. రేపు మీ ఇంటి అరుగు మీద ఎవరైనా నెత్తి మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటే, తియ్యమనకండి. పక్కన కూర్చుని అడగండి: "ఏ వేలు తిమ్మిరెక్కుతాంది?"